వెర్లిన్ యోస్ట్ ఒప్పుకున్న ఓట్లు

హార్లోలో డెమొక్రాట్ పార్టీకి ఓటు పడిందంటే అది వెర్లిన్ యోస్ట్‌దే. ఈ మాట ఊరు పుట్టించింది కాదు. వెర్లినే నాలుగేళ్ళకోసారి, ప్రెసిడెంటు ఎన్నికల మర్నాడు పొద్దున్న ఓపల్ హోటల్లో నలుగురి మధ్యా లేచి నిలబడి, టోపీ తీసి చేత్తో పట్టుకుని మరీ ఒప్పుకునేవాడు. కొందరికి గోళ్ళు కొరకడం అలవాటు, కొందరికి నిద్రలో మాట్లాడడం అలవాటు. వెర్లిన్‌కి ఓటు ఒప్పుకోవడం అలవాటు.

అదేమంత ఘనకార్యం అనుకోకండి. కాన్సస్ రాష్ట్రం 1940 నుంచీ, ఒక్క అరవై నాలుగులో తప్ప, ప్రతిసారీ రిపబ్లికన్‌కే ఓటేసింది. రాష్ట్రం పడమటి కొసన ఉన్న హార్లో ఆ విషయంలో ఇంకో నాలుగాకులు ఎక్కువ చదివింది. అక్కడి పిల్లలకి మాటలు అమ్మ, నాన్న, గోధుమ, రిపబ్లికన్ అనే వరసలో వస్తాయని పక్క ఊళ్ళవాళ్ళు చెప్పుకునేవారు. అరవై నాలుగులో రాష్ట్రమంతా అటు తిరిగినప్పుడు హార్లోలో కూడా ముప్పై ఒక్క డెమొక్రాట్ ఓట్లు పడ్డాయి. ఆ మర్నాడు మాత్రం వెర్లిన్ లేవలేదు. ముప్పై ఒకటీ నావే అంటే నమ్మరనుకున్నాడేమో, తలొంచుకుని కాఫీ తాగి వెళ్ళిపోయాడు.

ఆర్డిస్ ఆ ఊరికి కోడలిగా వచ్చింది డెబ్భై అయిదులో. మామగారు గేలార్డ్ ప్రాట్ కౌంటీ రిపబ్లికన్ పార్టీకి అధ్యక్షుడు, చర్చిలో పాటల బృందానికి పెద్ద. రెండుచోట్లా ఆయన గొంతే అందరికంటే పైన వినబడేది. అటువంటి ఇంట్లో కాలుపెట్టిన ఏడాదికే ప్రెసిడెంటు ఎన్నికలు వచ్చాయి. ఓట్లన్నీ తమకే పడిన పోలింగు కేంద్రానికి ఇత్తడి పలక ఇస్తామని పార్టీ పెద్దలు ప్రకటించారట. దాన్ని పోలింగు జరిగే చర్చి నేలమాళిగలో ఏ గోడకి కొట్టాలో గేలార్డ్ సెప్టెంబరులోనే చూసుకుని, మేకు కూడా దిగ్గొట్టి ఉంచాడు.

మేకు మేకుగానే మిగిలింది. ఎన్నికల మర్నాడు ఆర్డిస్ ఓపల్ హోటల్లో కాఫీ పోస్తుండగా (పొద్దుటిపూట ఆమె అక్కడ పనికి కుదిరింది) గేలార్డ్ లోపలికి వచ్చి బల్ల మీద చెయ్యి వేశాడు.

"నూట పద్నాలుగు ఓట్లు. నూట పదమూడు మనవి. ఒక్కటి అటు పడింది. ఆ పని చేసినవాడు ఈ ఊళ్ళోనే తిండి తింటున్నాడు!"

ఆర్డిస్ కూజా వంచి, అప్పటికే నిండిన కప్పులో మళ్ళీ పోసింది. ఎందుకంటే ఆ ఒక్కటీ ఆర్డిస్‌ది.

ఆమె ఏ తిరుగుబాటూ చెయ్యాలనుకోలేదు. వాళ్ళ నాన్న తూర్పు కాన్సస్‌లో రైలు పట్టాలు బాగుచేసే ముఠాకి మేస్త్రీ, పుట్టు డెమొక్రాట్. ఆ వసంతంలోనే పోయాడు. తెర వెనక్కి వెళ్ళి పెన్సిలు పట్టుకోగానే, ఈ ఏడు నాన్న ఓటు ఒకటి తక్కువ పడుతుంది కదా అనిపించింది. అంతే. గుర్తు పెట్టేసి, కాగితం మడిచి పెట్టెలో వేసి బయటికి వచ్చేసింది.

గేలార్డ్ చూపు ఒక్కొక్క మొహాన్నీ తడుముతూ బల్ల చుట్టూ తిరిగింది. ఎరువుల కొట్టు ఆయన్ని దాటింది. పాస్టరు గారి మీద ఒక క్షణం ఆగి, సిగ్గుపడి ముందుకి జరిగింది. కూజా దాకా వచ్చేసరికి ఆర్డిస్ చెవులు ఎర్రబడ్డాయి. సరిగ్గా అప్పుడే వంటింటి గుమ్మం దగ్గర కుర్చీ కిర్రుమంది. తాటిచెట్టులాంటి మనిషి, రెండు మోకాళ్ళూ పాడైనవాడు, విడతలు విడతలుగా లేచాడు.

"నాదేనయ్యా," అన్నాడు వెర్లిన్, టోపీ తీసి.

"మళ్ళీ నువ్వేనా!"

"మళ్ళీ నేనే."

"ఎందుకు వేశావురా?"

"చెయ్యి అటు పోయింది, గేలార్డ్."

హోటలంతా గొల్లుమంది. ఎవరో బన్ను ముక్క విసిరారు. హోటలు యజమానురాలు ఓపల్, "కూర్చో సెనేటరూ, కాఫీ చల్లారుతోంది," అంది. గేలార్డ్ విసవిసా వెళ్ళిపోయాడు. గండం గడిచింది.

గండం గడిచింది కానీ ఆర్డిస్‌కి కొత్త చిక్కు పట్టుకుంది. పడింది ఒక్కటే ఓటు. అది వెర్లిన్‌దైతే తనదేమైనట్టు? పెన్సిలు గట్టిగా నొక్కలేదా? కంగారులో పక్క గడిలో పెట్టేసిందా? ఇంటికెళ్ళి క్యాలెండరు మీద గుర్తులు పెట్టి చూసుకుంది. అన్నీ బాగానే పడ్డాయి. ఎవర్నైనా అడుగుదామంటే, అడిగిన మరుక్షణం తన సంగతి బయటపడుతుంది. మొగుడు డ్వేన్‌కి చెబుదామంటే అతనికి నోట్లో మాట నిలవదు. నాన్న పేరున వేసిన ఓటు గాలికి పోయిందన్న దిగులు లోపల ముల్లులా ఉండిపోయింది.

ఆ నాలుగేళ్ళూ వెర్లిన్ పడ్డ అవస్థ చూసి ఆమెకి మరీ అయోమయం. ఆ ఏడు గెలిచింది డెమొక్రాట్లే కదా, ఇక వాషింగ్టన్‌లో ఎవరు ఏం చేసినా హార్లోలో జవాబుదారీ వెర్లినే. డీజిలు ధర పెరిగితే, "మీవాళ్ళకి కాస్త చెప్పవయ్యా!" ఉత్తరం ఆలస్యమైతే, "ఇదేనా మీ పరిపాలన?" ఒకసారి వడగళ్ళు పడితే కూడా అతని వంకే చూశారు. వెర్లిన్ ప్రతిదానికీ తలూపి, "చెప్తాను, చెప్తాను, నా మాట వింటారో లేదో," అనేవాడు.

ఎనభై జనవరిలో రష్యాకి గోధుమలు అమ్మకూడదని వాషింగ్టన్ నుంచి ఆజ్ఞ వచ్చింది. ఇక చూడండి. ఎవరో పెద్దమనిషి ట్రాక్టరుతో వెళ్ళి వెర్లిన్ వాకిట్లో తొట్టెడు గోధుమలు కుమ్మరించి, "రష్యావాడు తినకపోతే నువ్వు తిను!" అని అరిచి వచ్చాడు. వెర్లిన్ ఆ గోధుమలన్నీ కోళ్ళకి పెట్టి, నెల తర్వాత ఆ పెద్దమనిషి ఇంటికి రెండు డజన్ల గుడ్లు పట్టుకెళ్ళి, "మా పార్టీ తరఫున," అని ఇచ్చి వచ్చాడు.

ఒకరోజు హోటలు ఖాళీగా ఉన్నప్పుడు ఆర్డిస్ ధైర్యం చేసి అడిగింది.

"వెర్లిన్ బాబాయ్, మీ పార్టీ గుర్తు ఏమిటి?"

"కంచరగాడిద."

"గాడిద కదా?"

"చిన్నప్పుడు గాడిదే. పెద్దయ్యాక కంచరగాడిద అవుతుంది."

జీవితమంతా పశువుల మధ్య బతికిన మనిషి ఆ మాట అన్నాడు. ఆర్డిస్ అతని మొహంలోకి చూసింది. అతను సీరియస్‌గా కాఫీలో చక్కెర కలుపుకుంటున్నాడు.

ఓట్లు ఎలా లెక్కపెడతారో కళ్ళారా చూస్తే తప్ప మనసు కుదుటపడదని ఆమె ఎనభైలో లెక్కింపు బృందంలో చేరింది. నలుగురు ఆడవాళ్ళూ ఒక్కో కాగితం విప్పి రెండేసిసార్లు చదివారు. ఆ ఏడు గోధుమల కోపంలో ఆర్డిస్ చెయ్యి కూడా ఇటే పోయింది. మూడో మనిషి ఒకాయన బరిలో ఉన్నాడు కానీ ఆయన సంగతి హార్లో దాకా రానే లేదు. నూట తొమ్మిదికి నూట తొమ్మిదీ రిపబ్లికన్‌కే. డెమొక్రాట్‌కి సున్నా.

మర్నాడు గేలార్డ్ ఆనందం పట్టలేక హోటలందరికీ దాల్చినచెక్క రొట్టెలు తెప్పించాడు. అంతలో ఓపల్‌కి అనుమానం వచ్చింది. "అవునూ, వెర్లిన్! నీ ఓటేదీ?"

అందరూ గుమ్మం వైపు తిరిగారు. వెర్లిన్ అంత ఇరుకునపడడం ఎవరూ చూడలేదు.

"జ్వరం వచ్చింది. వెయ్యలేకపోయాను."

"నిన్న మధ్యాహ్నం చర్చిలో నా ఎదురుగా కూర్చుని మూడు ముక్కలు యాపిల్ పై తిన్నావు!"

"అది జ్వరానికే," అన్నాడు వెర్లిన్.

ఇత్తడి పలక గోడకెక్కింది. ఆర్డిస్ బుర్రలో మాత్రం లెక్క ఇంకా చెడింది. వడగళ్ళకి కూడా తిట్లు తిన్నవాడు, పార్టీ ఓడిపోయే ఏడు ఓటెయ్యకుండా ఊరుకుంటాడా?

ఎనభై నాలుగు వచ్చింది. ఆ సాయంత్రం నేలమాళిగలో కాగితాలు విప్పుతుంటే మొదట ఒకటి బయటపడింది. పెన్సిలు ముల్లు విరిగేంత గట్టిగా పెట్టిన గుర్తు. తర్వాత ఇంకొకటి, బియ్యపుగింజంత. చివర్లో మూడోది. దాన్ని ఆర్డిస్ చూడగానే గుర్తుపట్టింది. అది తన చేతి గుర్తే. కింద కొస కాస్త వంకర. ఈసారి పొలాలు అప్పులవాళ్ళ పాలవడం చూడలేక మళ్ళీ నాన్న దారినే వేసింది. పక్కావిడ దాన్ని పైకి చదివింది, ఇంకొకావిడ గీత గీసింది. చక్కగా లెక్కలోకి వచ్చింది! ఎనిమిదేళ్ళ ముల్లు ఊడిపోయినట్టయింది. నూట పదకొండులో నూట ఎనిమిది ఇటు, మూడు అటు.

మర్నాడు గేలార్డ్ హోటల్లోకి వచ్చి నిలబడ్డాడు. అరవలేదు. అది ఇంకా భయంగా ఉంది.

"మూడు," అన్నాడు.

కుర్చీ కిర్రుమంది.

"నావేనయ్యా," అన్నాడు వెర్లిన్.

"నీదొకటి, సరే. మిగతా రెండూ?"

"అవీ నావే. మూడూ నావే."

ఎవరూ నవ్వలేదు. కారణం, కిటికీ దగ్గర బల్ల ముందు కొత్త షెరీఫ్ నోలన్ బ్రిగ్స్ గుడ్లు తింటున్నాడు. పెద్ద నగరం నుంచి వచ్చిన కుర్రవాడు, చట్టం పుస్తకం తలకింద పెట్టుకుని పడుకునే రకం. మూతి తుడుచుకుని, జేబులోంచి చిన్న పుస్తకం తీశాడు.

"ఏమండీ, ఒకే మనిషి మూడు ఓట్లు వేస్తే జైలని తెలుసా?"

"తెలుసండీ."

"అయినా వేశారా?"

"వేశాను."

"మూడూ ఎలా వేశారు?"

వెర్లిన్ ఆలోచించాడు. "మెల్లగా," అన్నాడు.

"వరసలో మూడుసార్లు నిలబడ్డారా?"

"నా మోకాళ్ళు చూశారుగా. ఒక్కసారే నిలబడ్డాను."

షెరీఫ్ రాసుకుని, రాసుకున్నది చదువుకుని, కొట్టేసి, మళ్ళీ రాసుకున్నాడు. చివరికి పెన్సిలు చెవి వెనక దోపుకుని, "పదండి కౌంటీ కచేరీకి. ఓటర్ల పుస్తకం చూస్తే తేలిపోతుంది. లెక్కింపువాళ్ళు ఒకరు కూడా రావాలి," అన్నాడు. గేలార్డ్ తన ట్రక్కు తాళాలు తీశాడు. ఆర్డిస్ నడుముకి కట్టుకున్న గుడ్డ విప్పడం మర్చిపోయి అలాగే ఎక్కింది. మూడింట్లో ఒకటి తనదని ఆమెకి తెలుసు. ఈ ముసలాయన చెయ్యని పనికి జైలుకి పోతున్నాడు. నోరు విప్పితే తను మామగారి ఇంట్లో ఎలా తలెత్తుకోవాలి? ఇరవై మైళ్ళూ పెదవి కొరుక్కుంటూనే కూర్చుంది.

కచేరీలో గుమాస్తా అమ్మ హార్లో పుస్తకం తెచ్చి వేలుపెట్టి కిందికి జరిపింది. ఒకసారి. రెండోసారి. కళ్ళజోడు తుడుచుకుని మూడోసారి.

"ఇందులో వెర్లిన్ యోస్ట్ అనే పేరు లేదండీ."

"మూడుసార్లు లేదా?" అన్నాడు షెరీఫ్.

"ఒక్కసారి కూడా లేదు. ఎనభైలో లేదు, డెబ్భై ఆరులో లేదు. ఈయన మా కౌంటీలో ఓటరే కాదు."

గేలార్డ్ బల్ల మీదికి వంగాడు. "అదేమిటమ్మా! ముప్పై ఏళ్ళుగా ఈయన ఓటుతోనే కదా నేను కుస్తీ పడుతున్నాను!"

ఆవిడ గోడమీద పటం దగ్గరికి వెళ్ళింది. రెండు కౌంటీల హద్దు సరిగ్గా వెర్లిన్ ఇంట్లోంచి పోతోంది. వంటిల్లు ఇటు, పడకగది అటు. మనిషి ఎక్కడ నిద్రపోతాడో అక్కడే ఓటని ఆవిడ వివరించి, పక్క కౌంటీకి ఫోను చేసింది. ఫోను చెవికి ఆనించుకునే అందరికీ వినిపించేలా చెప్పింది. "ఉన్నారట. యుద్ధం నుంచి తిరిగొచ్చిన ఏడు నుంచీ ప్రతి ఎన్నికకీ పొద్దున్నే వచ్చి వేసి వెళ్తారట. పార్టీ..." ఒక క్షణం ఆగింది. "రిపబ్లికన్ అని నమోదై ఉందట."

గేలార్డ్ దగ్గర్లో ఉన్న కుర్చీలో కూలబడ్డాడు. ఆ కుర్చీలో గుమాస్తా అమ్మ టోపీ ఉంది.

"నువ్వు... మనవాడివా?"

"మా నాన్న వేసిన పార్టీకే వేస్తాను," అన్నాడు వెర్లిన్, దొంగతనం బయటపడ్డవాడిలా.

"మరి ఆ మూడు ఓట్లూ ఎవరివిరా?"

"నావే."

"నీకు ఇక్కడ ఓటే లేదు కదరా!"

"అయినా నావే, గేలార్డ్."

షెరీఫ్ తన పుస్తకంలో ఆ పేజీ చించి ఉండచుట్టాడు. "ఓటెయ్యనివాడు వేశానని కోతలు కోస్తే ఏం శిక్షో నా పుస్తకాల్లో లేదు. మీరందరూ ఇళ్ళకి వెళ్ళండి. నాకు తలనొప్పిగా ఉంది."

తిరుగు దారిలో ముగ్గురూ ఒకే సీటులో ఇరుక్కుని కూర్చున్నారు. కోసిన జొన్నచేల మీద గాలి కొడుతోంది. అయిదు మైళ్ళు పోయాక గేలార్డ్ అన్నాడు. "చెప్పు. ఎందుకు?"

వెర్లిన్ చాలాసేపు టోపీ అంచు తిప్పాడు. "ఎడ్నా లార్కిన్ గుర్తుందా?"

"పియానో వాయించే పంతులమ్మ."

"యాభై రెండులో ఒక్క ఓటు అటు పడింది. అది ఆవిడదని వారంలో కనిపెట్టేశాం. ఎవరూ ఒక్క మాట అనలేదు. అనలేదు కానీ, చర్చి భోజనాల్లో ఆవిడ పక్క కుర్చీ ఖాళీగా ఉండేది. నేనూ కూర్చోలేదు. కూర్చుందామనే ఉండేది. వేసవి సెలవులకి వెళ్ళింది, మళ్ళీ రాలేదు."

గేలార్డ్ గేరు మార్చాడు.

"యాభై ఆరులో మళ్ళీ ఒకటి పడింది. నువ్వు బల్ల చుట్టూ చూడ్డం మొదలుపెట్టావు. నాదే అనేశాను. నాకేం, పెళ్ళామా పిల్లలా? నన్నెవరేమన్నా ఇంట్లో ఏడ్చేవాళ్ళు లేరు. కోళ్ళు పట్టించుకోవు. అయినా ఆవిడ పోయాక మన చర్చి పాట ఏం బాగుంది?"

"బాగానే పాడుతున్నాం కదా!"

"లేదు గేలార్డ్. ముప్పై రెండేళ్ళుగా బాగా లేదు."

ఆర్డిస్ నవ్వబోయింది. నవ్వుకి బదులు మాట వచ్చేసింది.

"మావయ్యా, డెబ్భై ఆరులో ఆ ఒక్కటీ నాది. ఈ మూడింట్లో కూడా ఒకటి నాదే."

ట్రక్కు ఒక మైలు పోయింది. ఇంకో మైలు పోయింది. గేలార్డ్ రోడ్డు మీంచి చూపు తిప్పలేదు.

"డ్వేన్‌కి తెలుసా?"

"తెలీదు."

"చెప్పకు. వాడి నోట్లో మాట నిలవదు. వచ్చి నాకు చెప్పేస్తాడు."

వెర్లిన్ కిటికీ వైపు మొహం తిప్పుకున్నాడు. అతని భుజాలు ఊగుతున్నాయి. హార్లో చేరాక గేలార్డ్ హోటల్లోకి వెళ్ళి, కాచుకుని కూర్చున్నవాళ్ళతో, "విచారణ అయిపోయింది, కాఫీ పొయ్యండి," అన్నాడు. అంతకుమించి ఆ విషయం ఎవరెంత గుచ్చి అడిగినా చెప్పలేదు.

ఎనభై ఎనిమిదిలో నాలుగు పడ్డాయి.

మర్నాడు హోటలు కిక్కిరిసింది. వెర్లిన్ మోకాళ్ళు ఇంకా పాడయ్యాయి, లేవడానికి బల్ల పట్టుకోవాల్సి వచ్చింది.

"నాలుగూ..." అని మొదలుపెట్టాడు.

గేలార్డ్ గట్టిగా దగ్గాడు.

"రెండు," అని దిద్దుకున్నాడు వెర్లిన్. "రెండు నావి."

"మరి ఇంకో రెండో?" అంది ఓపల్.

గేలార్డ్ ప్రాట్, కౌంటీ రిపబ్లికన్ పార్టీ అధ్యక్షుడు, మెల్లగా లేచి టోపీ తీశాడు. "ఒకటి నాది," అన్నాడు.

ఎవరి చేతిలోదో చెంచా కిందపడింది. ఎరువుల కొట్టు ఆయన, "గేలార్డ్, ఒంట్లో బాగుందా?" అన్నాడు. "ఏం, నాకు మాత్రం రహస్యాలు ఉండకూడదా?" అని గదిమాడు గేలార్డ్. షెరీఫ్ నోలన్ తన గుడ్ల పళ్ళెం తీసుకుని నిశ్శబ్దంగా వంటింట్లోకి వెళ్ళిపోయాడు.

ఆర్డిస్ కూజా బల్ల మీద పెట్టింది. "నాలుగోది నాది," అంది.

ఒక్క క్షణం అందరూ ఆమెని చూశారు. తర్వాత హోటలు పైకప్పు ఎగిరిపోయేలా నవ్వారు.

"చూశారా, మావయ్యకి తోడుగా కోడలు కూడా బయల్దేరింది!"

"నిజంగా నాదేనండీ!"

"అవునమ్మా, అవును," అన్నాడు పాస్టరు గారు కళ్ళు తుడుచుకుంటూ.

ఆ పొద్దున్న ఓటు ఒప్పుకున్న ముగ్గురిలో నిజం చెప్పింది ఆర్డిస్ ఒక్కతే. ఆమెనే ఎవరూ నమ్మలేదు. ఆమె గేలార్డ్ వంక చూస్తే, ఆయన ఎంతో శ్రద్ధగా ఉప్పుబుడ్డి మూత బిగిస్తున్నాడు.

ఓపల్ మాత్రం నవ్వలేదు. లెక్కల పుస్తకంలో వెర్లిన్ బాకీ మీద పెన్సిలు ముల్లు విరిగేంత గట్టిగా గుర్తు పెట్టి కొట్టేసింది. వంటింట్లోంచి వేడివేడి దాల్చినచెక్క రొట్టె తెచ్చి వెర్లిన్ ముందు పెట్టింది. వెళ్ళబోయి, ఏమనుకుందో, వెనక్కి వచ్చి ఇంకొకటి పెట్టింది. వెర్లిన్ రెండు పళ్ళేలకేసీ చూసి, తలెత్తాడు.

"రెండూ నావేనా?"

"నీవే," అంది ఓపల్, అతనికి మాత్రమే వినబడేలా. "తిను."